మ నొక్కితే ప పలికింది

ముందే ఒప్పేసుకుంటున్నా. పోయిన సెమిస్టర్‌లో నేను పెట్టిన మినీ ప్రాజెక్టు కాపీ.

దాని పేరు ‘స్వరపెట్టె’. బ్రౌజర్‌లో తెరిస్తే పియానో మెట్లు కనిపిస్తాయి. మెట్ల మీద స రి గ మ అని తెలుగులో రాసి ఉంటుంది. మౌస్‌తో నొక్కితే మోగుతుంది. కోడ్‌లో ముప్పావు వంతు ఇంటర్నెట్‌లో దొరికిందే. రంగులు, తెలుగు అక్షరాలు, లాగిన్ పేజీ మాత్రం నావి. పియానోకి లాగిన్ పేజీ ఎందుకని అడక్కండి. డేటాబేస్ ఉంటే మార్కులు ఎక్కువ పడతాయని సీనియర్లు చెప్పారు.

వైవాలో సార్ అది మొబైల్‌లో కూడా సరిగ్గా కనిపిస్తోందా అని చూశారు. డేటాబేస్‌లో ఎన్ని టేబుల్స్ ఉన్నాయని అడిగారు. రెండు మెట్లు నొక్కి ‘గుడ్’ అన్నారు. మార్కులు బాగానే వచ్చాయి. పార్టీ కూడా ఇచ్చేశా.

సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు అమ్మకి చూపించా. అమ్మ చిన్నప్పుడు మూడేళ్లు పాట నేర్చుకుంది. తర్వాత వదిలేసింది. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో మెట్టూ నొక్కింది. స, రి, గ... నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. మళ్లీ నొక్కింది.

“ఏరా, మ నొక్కితే ప పలుకుతోందేంటి?”

“లేదమ్మా, అది కరెక్టే. ఇంటర్నెట్‌లోంచి తీసుకున్నా.”

“ఇంటర్నెట్‌లోదైతే మాత్రం? పక్క మెట్టు నొక్కి చూడు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.”

నొక్కాను. ఒక్కలాగే ఉన్నాయి. కోడ్ తెరిచి చూశా. మ దగ్గర ఉండాల్సిన అంకె 349.23 హెర్ట్జ్. నా టేబుల్‌లో 394.23 అని ఉంది. 4, 9 అటూ ఇటూ అయ్యాయి. పక్కనున్న ప 392. అంటే నా మ దాదాపు ప అయి కూర్చుంది. నేను కాపీ చేసిన చోటే ఆ తప్పు ఉంది. సెమిస్టర్ మొత్తంలో ఆ మెట్టుని కనీసం రెండొందల సార్లు నొక్కి ఉంటా. నా చెవికి తెలీలేదు. వైవాకీ తెలీలేదు. మార్కులకీ తెలీలేదు.

ఆ రాత్రి సిగ్గుతో కూర్చుని, అసలు ఈ 349.23 ఎక్కణ్ణించి వచ్చిందో వెతకడం మొదలుపెట్టా. ఒక లింక్ నుంచి ఇంకో లింక్‌కి వెళ్తూ వెళ్తూ తెల్లారేసరికి ఒక పియానో కంపెనీ చరిత్రలో తేలా. ఆ కంపెనీ పేరు మీ అందరికీ తెలుసు. యమహా.

మనలో చాలామందికి యమహా అంటే బైకు. ఇంకా చెప్పాలంటే ఆర్‌ఎక్స్ 100. 2018లో ఆ పేరుతో సినిమా వచ్చాక బైకుని చూడనివాళ్లకి కూడా ఆ పేరు నోటికొచ్చేసింది. మా బాబాయి దగ్గర ఒకటి ఉండేది. దాని ట్యాంక్ మీద గుండ్రటి బొమ్మలో మూడు కడ్డీలు ఉంటాయి కదా, అవేంటో ఎప్పుడైనా ఆలోచించారా? నేనైతే ఏదో చక్రం ఆకులు అనుకునేవాణ్ణి. అవి మూడు ట్యూనింగ్ ఫోర్కులు. ఫిజిక్స్ ల్యాబ్‌లో రబ్బరు సుత్తితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునే అదే ఫోర్కు. తెలుగు మీడియం వాళ్లు దాన్ని శ్రుతిదండం అంటారట. మా స్కూల్లో ఈ మాట వినలేదు గానీ, ఇప్పుడు నాకు బాగా నచ్చింది.

బైకు మీద శ్రుతిదండం ఎందుకుందో చెప్పాలంటే 1887కి వెళ్లాలి.

జపాన్‌లో హమమత్సు అనే ఊరు. అక్కడ తొరకుసు యమహా అనే 36 ఏళ్ల మనిషి ఆస్పత్రుల్లో వైద్య పరికరాలు బాగుచేస్తూ బతుకుతున్నాడు. అంతకుముందు నాగసాకిలో గడియారాల పని నేర్చుకున్నాడు. సంగీతం రాదు. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో అమెరికా నుంచి తెప్పించిన ఒక రీడ్ ఆర్గన్ ఉంది. మన హార్మోనియంకి అన్నలాంటిది. హార్మోనియంలో చేత్తో తిత్తి ఊదుతాం, దానికి కాళ్లతో తొక్కాలి. రెండింట్లోనూ గాలి తగిలితే లోహపు రీడు వణికి మోగుతుంది. ఆ ఆర్గన్ పాడైపోయింది. ఊళ్లో బాగుచేసేవాళ్లు లేరు. సున్నితమైన పనిముట్లు బాగుచేస్తాడు కదా అని యమహాని పిలిచారు.

ఆయన విప్పి చూశాడు. రెండు స్ప్రింగులు విరిగాయి, అంతే. మనమైతే స్ప్రింగులు మార్చి డబ్బులు తీసుకుని వెళ్లిపోతాం. ఆయన లోపలి భాగాలన్నిటికీ బొమ్మలు గీసుకున్నాడు. ఇది నేనూ చేయగలను అనుకున్నాడు. కవాయ్ కిసబురో అనే పనివాడి సాయంతో కూర్చుని ఒక ఆర్గన్ చేసేశాడు.

ఇక్కడిదాకా వింటే ఇది మన ఓరియెంటేషన్ డే స్పీచుల్లో చెప్పే స్టార్టప్ కథలాగే ఉంటుంది. పాతది చూశాడు, కొత్తది చేశాడు, కోటీశ్వరుడయ్యాడు. క్లాప్స్. నాకు నచ్చింది మాత్రం దీని తర్వాతి భాగం.

చేసింది బాగుందో లేదో చెప్పగలిగేవాళ్లు హమమత్సులో లేరు. టోక్యోలో కొత్తగా ఒక సంగీత పాఠశాల ఏర్పడింది. దాని అధిపతి ఇసావా షూజీ అమెరికాలో చదువుకుని వచ్చిన మనిషి. ఆయనకి చూపించాలి. టోక్యో 250 కిలోమీటర్ల దూరం. రైలు దారి ఇంకా పూర్తి కాలేదు. ఇద్దరూ ఆర్గన్‌ని ఒక వాసానికి కట్టి, ముందొకరు వెనకొకరు భుజాన వేసుకుని, హకోనే కనుమ దాటి నడిచి వెళ్లారు. కావడి మోసినట్టు ఒక ఆర్గన్‌ని మోసుకెళ్లారన్నమాట.

టోక్యోలో విన్నవాళ్లు చెప్పిన తీర్పు ఏంటో తెలుసా? రూపం బాగుంది, శ్రుతి బాగోలేదు. వాయిద్యంగా పనికిరాదు.

ఒక్క నిమిషం ఆయన స్థానంలో ఉండి ఆలోచించండి. నెలల పని. 250 కిలోమీటర్ల నడక. భుజాలు కాయలు కాసి ఉంటాయి. చివరికి ఎక్స్‌టర్నల్ ‘నాట్ వర్కింగ్’ అన్నాడు. నేనైతే “సార్, యూఐ చూడండి సార్” అని బతిమాలేవాణ్ణి. ఆయన అక్కడే ఉండిపోయాడు. ఇసావా అనుమతితో ఆ పాఠశాలలోనే సుమారు నెల రోజులు కూర్చుని శ్రుతి చేయడం, సంగీత సిద్ధాంతం నేర్చుకున్నాడు. తర్వాత తిరిగొచ్చి రెండోది చేశాడు. దాన్ని విని, విదేశాల నుంచి వచ్చే ఆర్గన్లకి తీసిపోదన్నారు.

శ్రుతి అంత కష్టమా అంటే, అవును. ఆ రాత్రి నాకు మొదటిసారి అర్థమైంది, అదీ లెక్క వేసుకుంటే గానీ అర్థం కాలేదు. స నుంచి పై స్థాయి స కి వెళ్తే కంపనాల సంఖ్య సరిగ్గా రెట్టింపు. స నుంచి ప కి ఒకటిన్నర రెట్లు. చెవికి హాయిగా వినిపించే నిష్పత్తులివి. ఇప్పుడు ఒక ప్రోగ్రామర్‌లాగా ఆలోచిద్దాం. ఒకటిన్నరతో పన్నెండు సార్లు గుణించుకుంటూ పోతే అన్ని స్వరాలూ తిరిగి, ఏడు స్థాయిల పైన మళ్లీ స కే రావాలి. రెండుని ఏడు సార్లు గుణిస్తే 128. ఒకటిన్నరని పన్నెండు సార్లు గుణిస్తే 129.746. కలవవు! ఎప్పటికీ కలవవు. ఇది ఎవరి తప్పూ కాదు, అంకెల స్వభావమే అంత.

అందుకని పియానోల్లో ఆ చిన్న తేడాని పన్నెండు మెట్లకీ సమానంగా పంచేస్తారు. ప్రతి మెట్టూ ముందుదాని కంటే 1.05946 రెట్లు. రెండుకి పన్నెండో మూలం అది. 440 దగ్గర మొదలుపెడితే తర్వాతి మెట్టు 466.16. అలా కిందికి లెక్కపెట్టుకుంటూ వస్తే నా మ 349.23 దగ్గర దొరికింది. ఒక్క లైను ఫార్ములా. నేను మాత్రం టేబుల్ కాపీ చేశా. ఫార్ములా తెలిసుంటే టేబుల్‌లోని తప్పు కనిపించేది. చెవి ఉంటే ఫార్ములా లేకపోయినా వినిపించేది. నా దగ్గర రెండూ లేవు.

కంప్యూటర్ లేని రోజుల్లో ఈ పని చెవితోనే చేయాలి. 440 దగ్గర ఉండాల్సిన రీడు 442 దగ్గర ఉంటే, ఫోర్కుతో కలిపి వింటే శబ్దం సెకనుకి రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. ఆ ఊగిసలాట తగ్గేదాకా రీడుని కొంచెం కొంచెంగా గీకాలి. ఎక్కువ గీకితే మళ్లీ మొదటికి. వైద్య పరికరాల మెకానిక్‌కి స్ప్రింగు ఎలా పనిచేస్తుందో తెలుసు, కానీ ఇది తెలిసే అవకాశం లేదు. అందుకే ఆయన మొదటి ఆర్గన్ చూడ్డానికి ఆర్గన్‌లా ఉంది, వినడానికి లేదు. నా స్వరపెట్టె లాగే.

1897లో ఆయన కంపెనీ నిప్పన్ గక్కి అనే పేరుతో రిజిస్టర్ అయింది. 1898లో గుర్తుగా ట్యూనింగ్ ఫోర్కుని పెట్టుకున్నారు. ట్రేడ్‌మార్కు మీద ఒక పక్షి నోట్లో ఫోర్కు పట్టుకుని ఉంటుంది. కంపెనీ చేసేది ఆర్గన్లు కాబట్టి ఆర్గన్ బొమ్మ పెట్టుకోవచ్చు. తాను ఫెయిలైన సబ్జెక్టు గుర్తునే లోగోగా పెట్టుకున్నాడని నాకు అనిపిస్తుంది. మనం బ్యాక్‌లాగ్‌ని రెజ్యూమేలో దాచిపెడతాం. ఆయన దాన్ని తలుపు మీద వేలాడదీశాడు.

ఇప్పుడు మన హాస్టల్లో తరచూ జరిగే వాదనకి వద్దాం. “జపాన్ వాళ్లు కూడా కాపీ కొట్టే ఎదిగారు మామా. మనం కొడితే తప్పేంటి?” ఈ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నా. ఇందులో సగం నిజం.

నిజమైన సగం ఇది. మొదటి ఆర్గన్ అమెరికా ఆర్గన్‌ని చూసి చేసిందే. 1899లో యమహా అమెరికా వెళ్లి అక్కడి ఫ్యాక్టరీలు చూసి, యంత్రాలూ విడిభాగాలూ కొనుక్కుని వచ్చాకే 1900లో మొదటి నిలువు పియానో, 1902లో మొదటి గ్రాండ్ పియానో వచ్చాయి. 1955లో వచ్చిన మొదటి యమహా బైకు వైఏ-1 కూడా జర్మనీ డీకేడబ్ల్యూ కంపెనీ ఆర్‌టీ 125ని చూసి చేసిందే. ఆ మోడల్‌ని ఇంగ్లండ్, అమెరికా కంపెనీలు కూడా వాడుకున్నాయనుకోండి. కాబట్టి చూసి నేర్చుకోవడం నేరం అని నేను అనను. ‘హలో వరల్డ్’ కూడా మనం చూసే రాశాం.

మనం వదిలేసే సగం ఇంకోటుంది. వాళ్లు చూసి చేసిన ప్రతిసారీ, చేసినదాన్ని తమకంటే బాగా వినగలిగే మనిషి దగ్గరికి తీసుకెళ్లారు. 1888 ప్రాంతంలో ఇసావా. 1920ల్లో జర్మనీ బెక్‌స్టైన్ కంపెనీ నుంచి ఒక పియానో నిపుణుణ్ణి హమమత్సుకే పిలిపించుకున్నారు. 1960ల్లో పెద్ద కచేరీ పియానో చేయాలనుకున్నప్పుడు ఇటలీ నుంచి చెజారె అగుస్తో తల్లోనేని పిలిచారు. ఆయన పెద్ద పెద్ద కళాకారుల పియానోలకి శ్రుతి చేసే మనిషి. అప్పటికి కంపెనీ పుట్టి డెబ్భై ఏళ్లు దాటింది, పియానోలు వేలల్లో అమ్ముడవుతున్నాయి. అయినా సరే, “మా పియానోలో ఏం తక్కువైందో చెప్పండి” అని అడగడానికి వాళ్లకి నామోషీ అనిపించలేదు. ఆ పనిలోంచి 1967లో సీఎఫ్ అనే పియానో వచ్చింది. సోవియట్ పియానిస్టు స్వియాతొస్లావ్ రిక్టర్ తర్వాతి కాలంలో యమహానే ఎంచుకున్నాడు. కెనడా పియానిస్టు గ్లెన్ గౌల్డ్ 1981లో బాఖ్ గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ని రెండోసారి రికార్డు చేసింది కూడా యమహా పియానో మీదే.

పియానో అంటే ఏంటో తెలిస్తే ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది. 88 మెట్లు. సుమారు 230 తీగలు. వాటన్నిటి లాగుడు కలిపితే దాదాపు 20 టన్నులు. ఆ బరువంతా ఒక ఇనప చట్రం మోస్తుంది. దాని కింద పల్చటి చెక్క బల్ల ఒకటి ఉంటుంది. తీగ వణుకు ఆ చెక్కకి పాకి గదంతా నిండుతుంది. చెక్కలో తేమ కాస్త ఎక్కువైనా తక్కువైనా శ్రుతి మారిపోతుంది, ఒక్కోసారి చెక్కే చీలిపోతుంది. బొమ్మ చూసి చట్రం పోత పోయొచ్చు. చెక్క ఎంత ఆరాక ఎలా పలుకుతుందో బొమ్మలో ఉండదు. అది తెలిసినవాళ్ల పక్కన కూర్చుంటేనే వస్తుంది.

మన సీఎస్‌ఈ వాళ్లకి బాగా నచ్చే ఉదాహరణ ఇంకోటుంది. 1967లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ అనే సంగీతకారుడు కంప్యూటర్ మీద స్వరాన్ని వణికించి చూస్తున్నాడు. గాయకులు స్వరం చివర్లో ఇచ్చే ఊపు లాంటిది. ఆ వణుకు వేగాన్ని పెంచుకుంటూ పోతే ఒక దశలో అది వణుకులా వినిపించడం మానేసింది. స్వరం రంగే మారిపోయి గంటలాగా, ఇత్తడి బూరలాగా కొత్త శబ్దాలు పుట్టాయి. ఒక సైన్ వేవ్ లోపల ఇంకో సైన్ వేవ్‌ని పెట్టడమే. పైథాన్‌లో ఒక్క లైను. దీన్ని అమెరికా ఆర్గన్ కంపెనీలకి చూపిస్తే వద్దన్నారు. యమహా ఇంజనీరు ఒకాయన వచ్చి చూసి వెంటనే సంగతి పసిగట్టాడు. కంపెనీ స్టాన్‌ఫర్డ్ దగ్గర లైసెన్సు తీసుకుంది, డబ్బు కట్టి మరీ. తర్వాత ఏళ్ల తరబడి చిప్పుల మీద పనిచేసి 1983లో డీఎక్స్7 అనే సింథసైజర్ తెచ్చింది. లక్షకి పైగా అమ్ముడయ్యాయి. స్టాన్‌ఫర్డ్‌కి ఆ పేటెంటు మీద కోట్ల డాలర్లు వచ్చాయి.

గమనించండి. ఆ ఒక్క లైను కోడ్ 1967లోనే ఉంది. వాయిద్యం కావడానికి పదహారేళ్లు పట్టింది. మనం ఆ లైనుని పదహారు సెకన్లలో కాపీ చేసి ప్రాజెక్టు అయిపోయిందంటాం.

సరే, యమహాని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. స్పీచుల్లో చెప్పని విషయాలు కూడా ఉన్నాయి. ఒకటి, తొరకుసు యమహా ఒంటరి హీరో కాదు. అప్పటి ప్రభుత్వం స్కూళ్లలో పాశ్చాత్య సంగీతం నేర్పాలనుకుంది కాబట్టే ఆర్గన్లకి గిరాకీ వచ్చింది. అమెరికా ప్రయాణం వెనక కూడా విద్యాశాఖ ఉంది. రెండు, 1926లో ఆ ఫ్యాక్టరీ కార్మికులు 105 రోజులు సమ్మె చేశారు. చివరికి ఓడిపోయారు, చాలామంది ఉద్యోగాలు పోయాయి. మరుసటి ఏడాది కంపెనీ ప్రెసిడెంటు కూడా దిగిపోయాడు. రీడులో చిన్న తేడాని వినగలిగిన కంపెనీ తన మనుషుల గొంతు వినలేకపోయింది. ఆ రోజుల్లోనే, చిన్నప్పటి నుంచి యమహా దగ్గర పని నేర్చుకున్న కవాయ్ కొయిచి బయటికొచ్చి 1927లో అదే ఊళ్లో సొంత కంపెనీ పెట్టాడు. ఇప్పటికీ కవాయ్ పియానోలు యమహాకి పోటీ. మూడు, చెక్క పని బాగా వచ్చు కాబట్టి సైన్యానికి విమానాల ప్రొపెల్లర్లు చేశారు. యుద్ధం ముదిరాక వాయిద్యాలు చేయడమే ఆగిపోయింది. 1945లో హమమత్సు మీద బాంబులు పడి ఫ్యాక్టరీలు ధ్వంసమయ్యాయి. యుద్ధం తర్వాత హార్మోనికాల లాంటి చిన్న వాయిద్యాలతో మళ్లీ మొదలుపెట్టి, 1947లో పియానోలకి వచ్చారు. ప్రొపెల్లర్ల కోసం కొన్న యంత్రాలు ఖాళీగా పడుంటే వాటితో ఏం చేద్దామా అని ఆలోచించినప్పుడు వచ్చిందే బైకు. 1955లో యమహా మోటార్ వేరే కంపెనీ అయింది. శ్రుతిదండాలు మాత్రం ట్యాంకు మీదికి వచ్చేశాయి.

ఇవన్నీ కలిపి చూసినా నాకు కథ చెడిపోలేదు. ఇంకా నమ్మబుద్ధేసింది. ఎందుకంటే నా వాదన గొప్ప కంపెనీల గురించి కాదు, శ్రుతి బాగోలేదని చెప్పే ఒక మనిషి మనకి ఉండటం గురించి.

మన చదువులో ఆ మనిషి ఎక్కడున్నాడు? మినీ ప్రాజెక్టు మొదలయ్యే ముందే అమీర్‌పేటలో ఎంతకి దొరుకుతుందో మనకి తెలుసు. రిపోర్టు, పీపీటీ, వైవా ప్రశ్నలు, అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ. ఇప్పుడైతే అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు, ఏఐని అడిగితే రాసిచ్చేస్తుంది. బ్యాచ్‌లో అరవై మంది ఉంటారు, వైవాకి ఒక్కరోజు. సార్ మాత్రం ఎన్ని మెట్లు నొక్కగలరు? నేను ఆయన్ని తప్పుపట్టట్లేదు. మనమే రూపం చూసి మార్కులేసే పద్ధతికి అలవాటు పడిపోయి, రూపం మాత్రమే చేస్తున్నాం. లోపల మ నొక్కితే ప పలుకుతున్నా ఎవరికీ పట్టట్లేదు.

పియానోలో అలా జరిగితే చెవులు నొప్పి పెడతాయి, అంతే. కానీ రేపు మనం రాసే కోడ్ ఆస్పత్రిలో మందు డోసు లెక్కేస్తుంది, బ్యాంకులో వడ్డీ లెక్కేస్తుంది. అక్కడ 349 బదులు 394 పడితే మా అమ్మ వచ్చి చెప్పదు.

“మాకు ఇసావా లాంటివాళ్లు దొరకరు” అంటారేమో. నాకు దొరికారు, వంటింట్లో. మీకూ దొరుకుతారు. హాస్టల్ మెస్ లెక్కల యాప్ చేస్తే మెస్ మేనేజర్‌కి చూపించండి. రైతుల కోసం ఏదైనా చేస్తే సెలవుల్లో ఊళ్లో నిజంగా పొలం చేసేవాళ్ల చేతిలో పెట్టండి. ‘బాగుంది బాబూ’ అంటే నమ్మకండి. ఎక్కడ ఆగిపోతున్నారో చూడండి. వాళ్లు ఆగిన చోటే మన హకోనే కనుమ ఉంటుంది.

ఇంకో సూచన మన క్లబ్‌కి. నెలకో శనివారం సాయంత్రం ఒక గంట పెట్టుకుందాం. ఎవరైనా తమ ప్రాజెక్టు తెచ్చి, అందులో కాపీ చేసిన ఒక్క ముక్కని విప్పి, అది అలా ఎందుకుందో తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో ‘ఇట్ యూజెస్ ఆన్ ఆల్గారిథమ్’ అని తప్పించుకోవచ్చు. తెలుగులో చెప్పాలంటే నిజంగా అర్థమై ఉండాలి, నేను ఈ వ్యాసం రాస్తూ తెలుసుకున్నది అదే. ‘ఫ్రీక్వెన్సీ’ అని రాసి ముందుకెళ్లిపోయేవాణ్ణి. “అంటే ఏంటి?” అని ఎడిటర్ అక్క మార్జిన్‌లో రాసింది. ‘కంపనాల సంఖ్య’ అని రాయడానికి ముందు అసలు ఏది కంపిస్తోందో ఆలోచించాల్సి వచ్చింది. అదే కాగితం మీద ఒత్తుల తప్పులు ఇరవై మూడు దొరికాయి. ఇంగ్లీష్ మీడియం బాపతు కదా. అక్క కింద ఇలా రాసింది: “చెప్పే విషయం బాగుంది. భాష మళ్లీ చూసుకో.” చదివి నవ్వొచ్చింది. ఎక్కడో విన్న తీర్పులా లేదూ?

తొరకుసు యమహా 1916లో పోయాడు. కంపెనీ నూరేళ్లు నిండిన సందర్భంగా 1987లో తన పేరుని యమహా కార్పొరేషన్‌గా మార్చుకుంది. 2008లో వియన్నాలో 1828లో పుట్టిన బోజెన్‌డార్ఫర్ పియానో కంపెనీని కొనేసింది. ఒకప్పుడు శ్రుతి నేర్పమని అడిగినవాళ్లు, శ్రుతికి పుట్టినిల్లు లాంటి ఊళ్లోని కంపెనీకి యజమానులయ్యారు. కొనేసి దాన్ని మరో యమహాగా మార్చేయలేదు. ఆ పియానోలు ఇప్పటికీ ఆస్ట్రియాలోనే, ఆ పేరుతోనే తయారవుతున్నాయి. ఎదుటివాడి శబ్దాన్ని అలాగే ఉండనివ్వడం కూడా వినడం వచ్చినవాళ్లు చేసే పనే అనుకుంటా.

నా సంగతి చెప్పి ముగిస్తా. స్వరపెట్టెలో ఆ టేబుల్ మొత్తం తీసేశా. దాని స్థానంలో ఒక్క లైను ఫార్ములా పెట్టా, ఈసారి సొంతంగా రాసి. లాగిన్ పేజీ కూడా తీసేశా. మార్కులు ఎలాగూ వచ్చేశాయి, ఇప్పుడు ఎవరూ మళ్లీ వైవా పెట్టరు. అయినా అమ్మకి వీడియో కాల్ చేసి, ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టి స రి గ మ ప ద ని స వాయించా.

అటునుంచి కాసేపు నిశ్శబ్దం.

“మ బాగుంది. ని మీద ఇంకోసారి నొక్కు.”

నొక్కుతున్నా.